నాయనమ్మ నూనె రాసిన క్లచ్ ప్లేటు

నా చిన్నప్పుడు విజయవాడలో మా ఇంటి ముందు ఒక ఎర్ర కారు ఉండేది. రెండే సీట్లు, నేలకు ఆనినట్టుండే ఒళ్ళు, స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా వినిపించే గొంతు. మంగళగిరి చీరలమ్ముకునే మనిషికి రేసు కారెందుకని నవ్వినవాళ్ళను మా తాతయ్య అందులో ఎక్కించుకుని, కంకిపాడు దాకా తిప్పి, నోరు మూయించి దించేవాడు. పక్క సీటు మాత్రం మా నాయనమ్మది. ఆవిడ బయల్దేరితే ఇంకెవరూ ఎక్కడానికి లేదు.

తాతయ్య పోయాక ఆ కారు కదల్లేదు. నాయనమ్మా కదల్లేదు. భర్త పోయిన మనిషి శుభకార్యాల్లో ముందు నిలబడకూడదన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు, పిలవడం మానేస్తే చాలు. పండగలొస్తే తనంతట తానే వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. ఆ తలుపు మీద నాకిప్పటికీ కోపమే.

ఒక ఏడు దసరాకు కారును మళ్ళీ రోడ్డెక్కించాలని మా బాబాయి పట్టుబట్టాడు. ఆటోనగర్ నుంచి మెకానిక్ సాయిబు గారు వచ్చి చూసి, క్లచ్ అరిగిపోయిందని తేల్చారు. ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది క్లచ్ ప్లేటట. దాని మీది గరుకు పొర అరిగిపోతే ఇంజను అరుస్తుందే గానీ బండి ముందుకు పోదు. అంత పాత కారుకు కొత్త ప్లేటు దొరకడం గగనమైంది. నానా తంటాలు పడి మద్రాసు నుంచి తెప్పించి, బాబాయి దాన్ని పూజగదిలో దేవుడి ముందు పెట్టాడు.

మర్నాడు నేను లేచేసరికి నాయనమ్మ పూజగదిలో ఉంది. తాతయ్య పోయాక ఆవిడ ఆ గడప దాటడం అదే మొదలు. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లకు తలంటుతున్నట్టు నువ్వుల నూనె పట్టిస్తోంది. మా నేత ఇళ్ళల్లో ఆయుధ పూజ వస్తోందంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెకు నూనె రాసి పసుపు కుంకుమ పెట్టడం ఆనవాయితీ. పుట్టింట్లో నేర్చిన ఆ పనే తాతయ్య కారుకూ చేస్తోంది. నన్ను చూసి తడబడింది.

"ఎవరికీ చెప్పకే తల్లీ. నా చెయ్యి పడిందంటే ఏమన్నా అనుకుంటారు" అంది. చక్కగా కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ కాగితంలో చుట్టి, ఉన్నచోటే పెట్టేసింది.

బాబాయి ఆ పొట్లం పట్టుకుని సాయిబు గారి షెడ్డుకు వెళుతుంటే నేనూ వెంటపడ్డాను. ఆయన కాగితం విప్పి, వేళ్ళకంటిన జిడ్డును వెలుతురుకు పట్టి చూశారు.

"ఎవరండీ దీనికి నూనె రాసింది? నూనె తాగిన ప్లేటు పట్టుకోదండీ, జారిపోద్ది. పెట్రోలుతో కడిగినా వేడెక్కగానే మళ్ళీ కక్కుద్ది."

నాడె జారితేనే నేత సాగుతుంది. క్లచ్ ప్లేటు జారకూడదని నాయనమ్మకు చెప్పినవాళ్ళెవరు?

బాబాయి మొహం కందగడ్డయింది. ఏదో అనబోతూ ప్లేటు మధ్యలో కుంకుమ చూశాడు. నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. జిడ్డోడుతున్న ఆ ప్లేటును రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాయిబు గారు అర్థం చేసుకున్నారేమో, గొంతు తగ్గించారు.

"పాత ప్లేటుకే కొత్త లైనింగు, అదే ఆ గరుకు పొర, వేయించి రివిట్లు కొట్టిస్తానండి. కొత్తదానంత కాలం రాదుగానీ నడుస్తది."

దారిలో బాబాయి నా చెయ్యి పట్టుకుని, "నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసే. ఇదొక్కటీ నాననియ్యి. తన చెయ్యి పడబట్టే పాడైందనుకుందంటే మా అమ్మ ఇక ఆ గదిలోంచి బయటికి రాదు" అన్నాడు. మద్రాసు ప్లేటును పాత గుడ్డలో చుట్టి తన పెట్టెలో దాచేశాడు.

దసరా నాడు కారు వాకిట్లో నిలిచింది. ముత్తైదువలు పళ్ళెంతో సిద్ధంగా ఉన్నారు. బాబాయి వాళ్ళను దాటుకుంటూ వెళ్ళి వెనక గది తలుపు తీశాడు.

"అమ్మా, నాన్న కారుకి బొట్టు నువ్వే పెట్టాలి. రా."

"నేనేంట్రా, నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనియ్యమ్మా. నువ్వు పెట్టేదాకా నేను తాళం తిప్పను."

వచ్చింది. బానెట్ మీద బొట్టు పెట్టింది. ఎవరో గొణిగారు. బాబాయి వినిపించుకోకుండా ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి, నన్ను ఆవిడ ఒళ్ళో కుదేసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించుకుంటూ కంకిపాడు రోడ్డు పట్టించాడు. కాలవ గట్టున కారు ఊపందుకునేసరికి నాయనమ్మ ఏడ్చింది. కొంగుతో తుడుచుకోను కూడా లేదు, గాలికి వదిలేసింది.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఏ బండి కొన్నా మొదటి బొట్టు ఆవిడదే. ప్లేటు సంగతి ఆవిడకు చివరిదాకా తెలియలేదు. బాబాయి పోయాక ఆ ప్లేటు నా దగ్గరికి చేరింది.

మొన్న మా మనవరాలు కారు కొనుక్కుంది. మా వారు పోయి ఏడాదైనా కాలేదు. పసుపు కుంకుమల పళ్ళెం చేతులు మారుతుంటే నా అడుగు దానంతటదే వెనక్కు పడింది. నన్నెవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. తలుపు తీసి పిలవడానికి బాబాయి లేడు. ఆ షెడ్డులో, జిడ్డు ప్లేటు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ బాబాయి కళ్ళముందు మెదిలాడు. ముందుకెళ్ళి పళ్ళెం అందుకున్నాను. మొదటి బొట్టు నేనే పెట్టాను.