సెలవు అన్నాక చెప్పిన మాట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జనవరి మొదట్లో, నూజివీడు ప్రాంతంలోని ఒక మండలానికి ఉద్యాన అధికారిగా బదిలీ మీద వెళ్లాను. మామిడి తోటలు చూసి, ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడం నా పని. కరపత్రాలు పంచితే పొట్లాలు కడుతున్నారని విసిగి, సలహాలు ఫోనులో రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. పది నిమిషాలకు తక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో విస్సన్నపేట దగ్గర తోట ఉన్న శ్రీరాములు గారు ఫోను చేశారు. పూత విరగబూసి ఉండగా ఆయన కూలీ నాగరాజు తోటంతా పురుగుమందు కొట్టేశాడట. ఆ దశలో కొడితే పూత మీద వాలే ఈగలు, తేనెటీగలు చస్తాయి. అవి లేకపోతే పిందె కట్టదు. ఈ ఒక్క ముక్క నా సర్వీసులో ఎన్నిసార్లు చెప్పానో! ఒళ్లు మండిపోయింది.

నేను వెళ్లేసరికి నాగరాజును పనిలోంచి తీసేయడానికి శ్రీరాములు గారు సిద్ధంగా ఉన్నారు. "రోజూ చాట్రాయి నుంచి సైకిలు మీద వస్తాడండీ. దారి పొడుగునా చెవుల్లో ఆ వైర్లే. ఇంక మనం చెప్పేది ఏం ఎక్కుద్ది?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఇలాంటప్పుడు నేను రాయాల్సిన నివేదికలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. 'కూలీ అజాగ్రత్త' అని రాయడానికి పెన్ను తీశాను కూడా.

"పాటలు కాదండీ, మీరు పెట్టిందే వింటున్నానండీ," అన్నాడు నాగరాజు.

నాకు చిర్రెత్తింది. అయితే ఏం చెప్పానో చెప్పమన్నాను. తేనెమంచు పురుగుకు ఏ మందు, లీటరు నీళ్లకు ఎంత, గాలికి ఏ వైపు నిలబడి కొట్టాలి, అన్నీ గడగడా అప్పజెప్పాడు. నేను ఎక్కడ దగ్గానో కూడా చెప్పాడు. మరి పూత విచ్చాక కొట్టొద్దన్న సంగతి ఏమైందని అడిగాను. "ఆ ముక్క అందులో లేదండీ."

ఫోను తీయించి అక్కడే వినిపించమన్నాను. 'ఇంతటితో సెలవు' అని నా గొంతు అనగానే అతని బొటనవేలు ఆపేసే బటన్ మీదికి వెళ్లింది. "అక్కడితో అయిపోద్ది కదండీ. ఎప్పుడూ అక్కడే కట్టేస్తాను," అన్నాడు. అతని చెయ్యి పట్టుకుని ఆపాను. రెండు క్షణాల తర్వాత నేనే మళ్లీ అందుకున్నాను: 'అన్నట్టు, పూత విచ్చుకున్నాక మాత్రం కొట్టకండి.'

శ్రీరాములు గారు నా మొహం వంక చూశారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

'కారణం' గడిలో 'సలహా చెప్పిన తీరులో లోపం. బాధ్యత ఉద్యాన అధికారిది' అని రాసి సంతకం పెట్టాను. పై అధికారి అయిన సహాయ సంచాలకులు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. నాగరాజు పని నిలబడింది. ఆ ఏడు తోట మాత్రం సరిగా కాయలేదు.

చేయకూడనిది ముందు చెప్పాలి, మందు పేరు ఆ తర్వాత. మిగిలిన సర్వీసులో నా రికార్డింగు ఏదీ రెండు నిమిషాలు దాటలేదు. సెలవు అన్నాక ఒక్క మాట కూడా మాట్లాడలేదు.