గుయ్‌ఫెన్ తొలి డైలాగు

చెచియాంగ్ కొండల మధ్య ఉన్న ఆ షూటింగుల ఊళ్లో షౌగెన్ కంటే బాగా చచ్చేవాడు ఇంకొకడు లేడు. బాణం తగిలీ, గుర్రం కింద పడీ, విషం తాగీ, పదకొండేళ్లలో ఓ మూడు వందల సార్లు పోయుంటాడు. పోయిన ప్రతిసారీ సాయంత్రానికి ఇంటికొచ్చి, ఉప్పులో ఊరిన ఆవాకు నంజుకుంటూ రెండు గిన్నెల గంజి తాగేవాడు. అతని పెళ్లాం గుయ్‌ఫెన్ దాసీ. రాజవంశం ఏదైనా, అంతఃపురం ఎవరిదైనా, వెనక వరసలో పళ్లెం పట్టుకుని నిలబడే నాలుగో దాసీ ఆమే.

అన్‌హుయ్‌లో ఇటుకల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ వచ్చి జూనియర్ ఆర్టిస్టులుగా చేరారు. ఏడాది తిరిగేలోపు డైలాగు సంపాదిస్తానని గుయ్‌ఫెన్ అప్పట్లో పంతం పట్టింది. సంపాదించింది కూడా, కాకపోతే పదకొండేళ్లు పట్టింది.

ఆ డైలాగు ఇచ్చిన సీరియల్ మహా గొప్పది. అందులో ఒక నదీదేవుడు కాగితాలు తయారుచేసేవాడి కూతుర్ని పెళ్లాడి, ఆమె కోసం అమరత్వం వదులుకుంటాడు. ఇరవై ఒకటో భాగంలో పోతాడు, ఇరవై మూడులో తిరిగొస్తాడు. అంతటి అన్యోన్య దాంపత్యం మూడు లోకాల్లో లేదని పోస్టర్ మీదే రాశారు. హీరోకీ హీరోయిన్‌కీ మాటల్లేవు కాబట్టి, ఆమె ప్రేమగా చూడాల్సినప్పుడల్లా హీరో బదులు కర్రకి కట్టిన ఆకుపచ్చ బంతిని చూసేది. డైలాగులు బట్టీ పట్టే ఓపిక ఆవిడకి లేదు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ పెదాలు కదిపేది, తర్వాత ఎవరో డబ్బింగు చెప్పేవాళ్లు. ఆ అంకెలకి గ్లిజరిన్ కూడా తోడైతే కెమెరా వెనక మనుషులు నిజంగానే ముక్కు చీదేవారు.

గుయ్‌ఫెన్ చెప్పాల్సింది నాలుగు ముక్కలు: "అమ్మగారూ, అయ్యగారు ఇక లేరు." షూటింగు గురువారం అన్నారు. ఆ గురువారమే షౌగెన్ గుండె నాళాల్లో స్టెంట్లు వెయ్యాలని ఆసుపత్రి వాళ్లూ అన్నారు. రెండుచోట్ల మూసుకుపోయిందనీ, ఆలస్యంగా వచ్చారనీ డాక్టరు మొహం ముడుచుకున్నాడు.

"నేను పోను. ఆ డైలాగు ఇంకెవరైనా చెప్పుకుంటారు" అంది గుయ్‌ఫెన్.

"పదకొండేళ్లకి నోరు తెరిచే యోగం పడితే నా మంచం పక్కన కూర్చుని గోళ్లు గిల్లుకుంటావా? ఇంట్లో ఒక్క నిమిషం మూతపడని నోరు, కెమెరా ముందు కూడా తెరువు. పోవే!"

"నీకేమన్నా అయితే?"

"అవుతే ఏముంది, నాకు అలవాటైన పనేగా!"

ఆ అపశకునం పోవాలని ఆమె నేల మీద మూడుసార్లు ఉమ్మి, అతని మూతి మీద ఒక్కటేసింది. ఆ ఇంట్లో ప్రేమ అంతకంటే పైకి తేలేది కాదు.

గురువారం పొద్దున్న చావు ఇంట్లో వేసుకునే తెల్లటి బట్టలు తొడుక్కుని, తలకి తెల్లగుడ్డ చుట్టుకుని గుయ్‌ఫెన్ సెట్లో నిలబడింది. పదిన్నరకి షౌగెన్‌ని లోపలికి తీసుకెళతారు. పదిన్నరకే షాటు. ఆర్ట్ డిపార్టుమెంటు కుర్రాడు లూ, పోయినవాళ్ల పేరు రాసే పలక తెచ్చి సాంబ్రాణి కడ్డీల ముందు పెట్టాడు. నల్ల పలక, బంగారు అక్షరాలు. గుయ్‌ఫెన్ చదివింది.

"ఇదెవరు రాశార్రా?"

"నేనే పిన్నీ. కుదిరిందా రాత?"

"అది మా ఆయన పేరు!"

లూ నాలిక్కరుచుకున్నాడు. హీరో పాత్ర పేరు మార్చేశారట, కొత్త పేరు ఇంకా రాలేదట. చేతిలో జూనియర్ ఆర్టిస్టుల హాజరు పట్టీ ఉంది. ఇవాళ రానివాడు ఒక్కడే కనబడ్డాడు. రానివాడు ఎలాగూ చూడడని ఆ పేరు ఎక్కించేశాడు. ఏం తెలివి! బతికున్నవాడి పేరు ఆ పలకకి ఎక్కించకూడదని ఆ ఊళ్లో విగ్గులు మోసేవాడికి కూడా తెలుసు. కల్పించిన పేరులో కూడా ఏదో ఒక అక్షరానికి ఒక గీత తగ్గించి రాస్తారు, ఎక్కడో ఎవరో అదే పేరుతో బతికుంటారేమోనని.

కో-డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు. "టైం లేదు అక్కా. మేడం పన్నెండింటికి వెళ్లిపోతారు. పొగ వేస్తాం, ఎవరూ చదవరు."

"ఎవరూ చదవనప్పుడు మీ నాన్న పేరు రాయించండి."

అతను వాచీ చూసుకున్నాడు. "చెప్తారా, పక్కావిడ చేత చెప్పించమంటారా?"

పక్కావిడ అంటే మూడో దాసీ. అప్పటికే ఆవిడ గొంతు సవరించుకుంటోంది. పదకొండేళ్లు పళ్లెం పట్టుకుని నిలబడింది దీనికోసమే కదా అనుకుని గుయ్‌ఫెన్ నేల మీద తనకి పెట్టిన గుర్తు మీదికి వెళ్లి నిలబడింది.

యాక్షన్ అన్నారు. హీరోయిన్ పలక ముందు కూలబడింది. "ఒకటి... రెండు... మూడు!" అని గుండెలు బాదుకుంది. "నాలుగు, అయిదు" అంటూ వెక్కింది. తర్వాత గుయ్‌ఫెన్ వంతు.

"అమ్మగారూ, అయ్యగారు..."

ఈపాటికి షౌగెన్ చేతి నరంలోంచి గుండెకి తీగ ఎక్కిస్తుంటారు. పలక మీద అతని పేరు తళతళమంటోంది.

"అయ్యగారు బతికే ఉన్నారు!" అని సెట్టు అదిరేలా అరిచింది గుయ్‌ఫెన్. తిన్నగా వెళ్లి పలక అందుకుంది. బంగారు రంగు ఇంకా ఆరలేదు. తెల్ల చేతిగుడ్డతో పరపరా రుద్దితే అక్షరాలన్నీ అలికినట్టయిపోయాయి. దాన్ని డైరెక్టరు కుర్చీలో పడేసి బయటికి నడిచింది. ఇకమీదట ఈ సెట్లో అడుగు పెట్టనిచ్చేది లేదని వెనకనుంచి ఎవరో అరిచారు. మూడో దాసీ ఆ డైలాగు ఒక్క టేకులో చెప్పేసిందని తర్వాత తెలిసింది. మహా కష్టమైన డైలాగు మరి.

బ్యాటరీ స్కూటరు మీద ఆసుపత్రికి గంటకి పైగా పట్టింది. ఒంటి మీద ఏముందో ఆమెకి గుర్తుకు రాలేదు. పలక మీద పేరు చెరిపి మొగుణ్ణి కాపాడుకున్న ఇల్లాలు, నిలువెల్లా చావు బట్టల్లో గుండె రోగుల వార్డులో అడుగుపెట్టింది. మొదటి మంచం ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండో మంచం ఆవిడ నర్సుని కేకేసింది. కిటికీ పక్క మంచం మీద షౌగెన్ కళ్లు తెరిచి, పెళ్లాన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"అయిపోయానా? ఈసారి నొప్పి తెలీలేదే!"

గుయ్‌ఫెన్ అప్పుడు చూసుకుంది. తలగుడ్డ లాగి చంకలో దోపుకుని, అక్కడే మంచం అంచున కూలబడింది.

"నోర్ముయ్. వేసేశారా?"

"రెండూ వేశారు. డాక్టరు బాగుందన్నాడు. అది సరే, డైలాగు చెప్పావా?"

"చెప్పాను."

"ఎన్ని టేకులు?"

"ఒకటే."

షౌగెన్ ఆమె చేతిగుడ్డ వైపు చూశాడు. దాని నిండా బంగారు రంగు. మూడు వందల సార్లు చచ్చినవాడికి ఆ రంగు ఎక్కడిదో తెలీకుండా ఉండదు.

"ఏదీ, ఒకసారి నాకు చెప్పు, వింటాను."

గుయ్‌ఫెన్ అతని చెయ్యి పట్టుకుంది. తీగ దూర్చినచోట కట్టు ఉంది, దాన్ని తగలకుండా పట్టుకుంది. నోరు తెరిచింది. పదకొండేళ్లకి దొరికి, అద్దం ముందు వందసార్లు చెప్పుకున్న మాటలు రాలేదు.

"ఒకటి" అంది. "రెండు. మూడు. నాలుగు..."

అయిదు అనగానే ఏడ్చేసింది. గ్లిజరిన్ లేకుండానే.

"ఆరు" అన్నాడు షౌగెన్.