బకెట్ కింద బావమరిది

ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఆ కార్ఖానాలో అతన్ని అందరూ గద్ద అనేవారు. పొద్దస్తమానం కప్పుకు ఆనుకుని ఉన్న క్రేన్ గదిలో కూర్చుని కిందివాళ్లను చూస్తుంటాడు కాబట్టి ఆ పేరు. కరిగిన ఇనుము నిండిన బకెట్‌ను కొక్కేనికి తగిలించి తెచ్చి, ఇసుక అచ్చు మీద చుక్క తొణక్కుండా ఆపడంలో చెయ్యి తిరిగినవాడు. కింద నిలబడి చేతి సైగలతో దారి చూపేది అతని సొంత బావమరిది. ఆ సైగ లేనిదే క్రేన్ అంగుళం కూడా కదలకూడదు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే గద్దకు చెమటలు మొదలయ్యాయి. ఇద్దరి తిండి ఒక్కడే తింటున్నాడు, అయినా ప్యాంటు నడుం మీద నిలవడం లేదు. కోపం ముక్కు మీదే ఉంటోంది. కూర్చున్నచోటే గుండె దడదడలాడుతోంది. అన్నిటికన్నా పాడు సంగతి, వేళ్లు వణుకుతున్నాయి. ఈ మాట బయటికి పొక్కితే క్రేన్ మీది నుంచి దింపేస్తారని భయం. భార్యకు కూడా చెప్పకుండా పళ్లబిగువున నెట్టుకొస్తున్నాడు. భయం సరే, కింద మనుషులున్నారన్న ఇంగితం ఏమైందో!

ఒక మధ్యాహ్నం బకెట్ గాలిలో ఉండగా చెయ్యి అదిరి మీటను ఒక్కసారిగా లాగేసింది. బకెట్ ఊగింది. అంచు దాటిన ఇనుము నేల మీద పడి నిప్పురవ్వలు లేచాయి. కిందివాళ్లు కేకలు వేస్తూ చెదిరిపోయారు. గద్దకు పై ప్రాణాలు పైనే పోయాయి.

బావమరిది మాత్రం కదల్లేదు. అందరినీ గోడ వైపు తోలేసి తను అక్కడే నిలబడ్డాడు. సైగ ఇచ్చేవాడు పారిపోతే బకెట్ దిగే దారి ఉండదు. అరచెయ్యి కిందికి చూపించాడు. మెల్లగా. ఇంకా మెల్లగా. వణికే చేతిని రెండో చేత్తో అదిమిపట్టి గద్ద దించుతున్నాడు. బకెట్ ఊగినప్పుడల్లా బావమరిది ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకొస్తున్నాడు. అది నేలకు ఆనేసరికి ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు.

బావమరిది నిచ్చెనెక్కి పైకొచ్చాడు.

"తాగొచ్చావా బావా?"

"మీ అక్క మీద ఒట్టు, చుక్క ముట్టలేదురా."

నోరు వాసన చూశాడు. ఏమీ లేదు. మణికట్టు పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటి బావా, కూర్చున్నోడికి పరిగెత్తినట్టు కొట్టుకుంటోంది!"

"ఎవరికీ చెప్పకు."

"అక్కకే చెప్తా. ఆ తర్వాత నువ్వు మిగిలితే చూద్దాం."

ఆ బెదిరింపు పనిచేసింది, గద్ద ఆసుపత్రికి వెళ్లాడు. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ, గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ వదులుతోందని, అందుకే గుండె, చేతులు, ఆకలి అన్నీ పరుగులు పెడుతున్నాయని చెప్పింది. "ఒక మాత్రతో వణుకు త్వరగా తగ్గుతుంది. గ్రంథిని దారికి తెచ్చేది రెండో మాత్ర, దానికి నెలలు పట్టొచ్చు. వణుకు పోయింది కదా అని జబ్బు పోయిందనుకోకండి. నేను చెప్పేదాకా క్రేన్ ఎక్కొద్దు."

గద్దకు తల కొట్టేసినట్టయింది. నేల మీద పనిచ్చారు, పైన కొత్త డ్రైవరును పెట్టారు. మొదటిరోజు గద్ద వెళ్లి బావమరిది పక్కన నిలబడ్డాడు. బకెట్ దగ్గరికొచ్చింది. ముఖం మాడిపోయేంత వేడి. తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అతను ఆ చోట ఒక్కసారీ నిలబడలేదు.

"ఇన్నేళ్లూ ఇక్కడే నిలబడ్డావా?"

"పైన నువ్వున్నావుగా బావా."

గద్దకు సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొన్ని వారాలకు వణుకు ఆగింది. ఒకరోజు కొత్త డ్రైవరు రాలేదు. కొలిమిలో ఇనుము సలసల కాగుతోంది. సూపర్‌వైజరు పరుగున వచ్చి, "ఏదీ, చెయ్యి చాపు" అన్నాడు. చాపాడు. వేలు కూడా కదల్లేదు.

"నిక్షేపంలా ఉందిగా! ఎక్కవయ్యా, పుణ్యముంటుంది."

గద్ద తలెత్తి చూశాడు. ఆ కుర్చీ కోసం ప్రాణం లాగింది.

"చెయ్యి బాగానే ఉందండీ. లోపల ఇంకా తగ్గలేదు" అన్నాడు. "కింద నిలబడేది మా బామ్మర్ది. నేను ఎక్కను."