బొట్టు పెట్టాక బయటపడ్డ లేతు

శంషాబాద్ దగ్గర సాతంరాయికి, ఇనుము చెక్కే పాత లేతు కొనడానికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, కొబ్బరికాయ ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి. నేను తీసుకెళ్ళి తలవంపులు తెచ్చుకున్నాను.

మా ఆవిడ సుభద్రకి చిన్నప్పటి పోలియో. ఎడమ కాలికి ఇనప కేలిపర్ కట్టుకుని నడుస్తుంది. మోకాలి దగ్గర కీలులో చిటికెనవేలంత పిన్ను ఉంటుంది. బజారులో చేయించిన పిన్ను వదులై, పోయిన నెల తను మెట్ల మీద పడింది. నుదుటికి ఎనిమిది కుట్లు. మళ్ళీ చేయించినదీ వదులే. చేసినవాణ్ణి అడిగితే ‘సర్దుకోండి సార్’ అన్నాడు. ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పదేళ్ళు లేతు మీద పనిచేసినవాణ్ణి, ఇంటి వెనక షెడ్డులో చిన్న లేతు పెట్టుకుని నేనే చేసుకుంటానని పంతం పట్టాను.

శనివారం ఎనిమిదింటికి ఎల్బీ నగర్‌లో బస్సెక్కాను. సంచిలో మందం కొలిచే మైక్రోమీటరు, ఒక ఇనప కడ్డీ, సుభద్ర సర్దిన కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. పది యాభైకి వర్జ్యం, ఆలోపే లేతుకి బొట్టు పెట్టమని రెండుసార్లు చెప్పింది. ఆరాంఘర్‌లో నలభై రూపాయలకి చల్లారిన ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకి శంషాబాద్ బస్సు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న యూసుఫ్ భాయ్ ముప్పై ఏళ్ళుగా లేతు నడిపే టర్నర్ అట. నా పని విని ఒకటే మాట చెప్పాడు.

“రంగు చూడకు సాబ్. ముందు కడ్డీ కట్టి నడిపించు, రెండు కొసలు కొలువు. మాటలన్నీ తర్వాత.”

సరేనన్నాను. ఆయన గగన్‌పహాడ్‌లో దిగిపోయాడు, నా బుద్ధి కూడా అక్కడే దిగిపోయినట్టుంది.

పదింబావుకి సాతంరాయిలో లేతు అమ్మేవాడి షెడ్డు చేరాను. లేతు కొత్త ఆకుపచ్చ రంగుతో మెరిసిపోతోంది. కరెంటు లేదు. యజమాని కుర్చీ వేసి, టీ తెప్పించి, నా సంచిలోని కొబ్బరికాయ చూశాడు. కరెంటు ఎప్పుడైనా వస్తుంది గానీ ముహూర్తం మళ్ళీ రాదు కదా అన్నాడు. పది నలభై అయింది. వర్జ్యం తరుముకొస్తోంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, కాయ కొట్టేశాను.

పదకొండున్నరకి కరెంటు వచ్చింది. కడ్డీ కట్టి ఒక పొర తీశాను. ఒకే లావు ఉండాల్సిన రెండు కొసలూ కొలిస్తే ఒకటి సన్నం, ఒకటి లావు. ఉలిని మోసే సాడిల్ కదిపి చూస్తే, కడ్డీని పట్టుకునే చక్ దగ్గర వదులుగా ఆడుతోంది, అటు కొసకి పోతే బిగుసుకుంటోంది. సాడిల్ జారే బెడ్డు అరిగిపోయి ఉంది. రంగేసి నా మొహాన కొట్టబోయాడు!

వద్దన్నాను. అతను కంగారు పడలేదు.

“గింత తేడాకు ఏమైతది సార్? ఇంట్ల వాడుకునేదే గదా. బొట్టు పెట్టినంక వద్దంటరా? ఇంటికి మంచిది గాదు.”

మా ఆవిడ పొట్లం కట్టిచ్చిన కుంకుమతోనే నా నోరు మూయించాలని చూస్తున్నాడు! అయినా సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ మాటకి భయపడ్డాను కూడా. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నెత్తి మీదుగా విమానం పోయేదాకా ఆగి, జరిగిందంతా చెప్పాను.

“పెట్టింది మీరే కదా, మీరే తుడిచేసి రండి,” అంది సుభద్ర. “ఆ పిన్ను మీద నిలబడాల్సింది నేను.”

లోపలికెళ్ళి జేబురుమాలు తడిపి బొట్టు తుడిచాను. యజమాని లెంపలు వేసుకుంటూ నన్ను పాపాత్ముణ్ణి చూసినట్టు చూశాడు. అరిగిన బెడ్డుకి రంగేసినప్పుడు ఏమైందో ఆ భక్తి!

పన్నెండున్నర బస్సులో ఒళ్ళో కొబ్బరిచిప్పలు పెట్టుకుని దారి పొడుగునా వాణ్ణీ, నన్నూ కలిపి తిట్టుకున్నాను. వాడు చేసింది మోసం. పదేళ్ళు లేతు నడిపి, కొలవకుండా బొట్టు పెట్టిన నేను చేసింది ఏమిటి?

రెండున్నరకి ఇల్లు చేరాను. సుభద్ర తలుపు తీసి, చిప్పలు అందుకుని, పచ్చడికి పనికొస్తాయిలెండి అంటూ వంటింట్లోకి నడిచింది, అడుగడుక్కీ టక్కుమనే ఆ వదులు పిన్ను మీదే.