మడత రూపాయి

మొన్న జనగామ బజారులో స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగాను. కొట్టతను ఒక డబ్బా మీద మూత ఉంచి చెయ్యి తీసేశాడు. నొక్కలేదు. మూత తన బరువుతోనే మెల్లగా దిగుతూ, లోపలి గాలిని సన్నగా బయటికి నెట్టి కూర్చుంది. ఆ చిన్న ‘ఉస్సు’ వినగానే మా ఊరి రామచంద్రం బాపు గుర్తొచ్చాడు. మళ్లీ వేయమన్నాను, మళ్లీ వేయమన్నాను. "కొంటవా అన్నా, పొద్దుగూకేదాక మూతలే ఏపిస్తవా?" అన్నాడతను.

బాపుది విత్తనాల దుకాణం. కొడకండ్ల దగ్గర పొలం. ఊళ్లో వాళ్లకు ఆయన మక్క విత్తనాలతో గుర్తు. నాకు మాత్రం గల్లా వెనకున్న చెక్కబీరువాతో గుర్తు. నాణేలతో ఇంద్రజాలం చేసేవాళ్ల పరికరాలన్నీ అందులో ఉండేవి. మూత వేస్తే అచ్చం అలాగే ‘ఉస్సు’మని కూర్చుని పైసను మాయం చేసే ఇత్తడి డిబ్బీలు, ఇంకో పైసను కడుపులో దాచుకునే బోలు పైసలు, అయస్కాంతం కూర్చిన బిళ్లలు. కొన్ని ఎక్కడెక్కడి నుంచో తెప్పించినవి, కొన్ని పక్కన కూర్చుని చేయించినవి. నేనేమో తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి, పుట్టినరోజులకు జోకర్ వేషం కట్టి బతుకుతున్నవాణ్ణి. ఒకటి రెండు అడిగి తెచ్చుకుందామని వెళ్లి, అడగకముందే ఎగతాళి మొదలుపెట్టాను.

"గిన్ని పెట్టుకొని ఒక్క ఆట ఆడవేంది బాపూ? పెండ్లి బట్టలు కొని, పెండ్లే జేసుకోనట్టున్నది."

"ఆడేటోనికి నోరు గావాలె. గది నీకు దండిగున్నది," అని నవ్వాడు. "మూసుకునుడు వస్తదా మరి? లోపలేమున్నదో చెప్పనోనికే మూత తీసి చూపిస్త."

ఒప్పుకున్నాను. నా నోటికి తాళం పడగా అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. మహబూబాబాద్‌లో ఒక పుట్టినరోజుకు ఆయన డిబ్బీతోనే ఆడాను. బాపు వెనక వరసలో కూర్చున్నాడు. జనం బాగానే చప్పట్లు కొట్టారు. తిరుగు రైల్లో మెచ్చుకుంటాడని చూస్తే, "అది పనిజేసేటప్పుడు నువ్వు నవ్వకురా. నీ పండ్లు జూసే సగం మంది పసిగట్టిన్రు," అన్నాడు.

ఆయన అన్నిటికంటే ప్రాణంగా చూసుకున్నది మడత రూపాయిని. వాళ్లమ్మ దాచుకున్న పాత వెండి రూపాయిని భూపాలపల్లికి తీసుకెళ్లి, గనుల వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మొగిలి మేస్త్రీతో కోయించాడు. రూపాయి మూడు ముక్కలైంది. అంచున సన్నని గాడి, గాడిలో కనబడని రబ్బరు. మడిచి సీసా మూతిలోంచి దూర్చి వదిలితే, లోపల టక్కున విచ్చుకుని నిండు రూపాయి అవుతుంది. కోత గోటికి కూడా తగలదు. తర్వాత చూపు తగ్గి మొగిలి పని మానేశాడు. అలాంటిది ఇంకొకటి చేసేవాళ్లు దొరకలేదు.

బాపుకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి రాగానే దుకాణంలో బీరువా తెరిస్తే మడత రూపాయి లేదు. విత్తనాల సంచులన్నీ జరిపి వెతికాను. బాపు అన్నం సరిగ్గా తినడం మానేశాడు.

కాస్త కోలుకున్నాక ఆయనా, ఆయన భార్య సుగుణవ్వా చిల్పూరు గుట్టకు మొక్కు చెల్లించడానికి బయల్దేరి నన్నూ రమ్మన్నారు. అవ్వ పసుపు బట్టలో కట్టిన ముడుపును హుండీలో వేసి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత మెట్ల మీద కూర్చుని పులిహోర తింటుంటే చెప్పింది.

"మిమ్ముల దవాఖానల జేర్పిచ్చి బట్టలకని ఇంటికొస్తే నాకేం తోచలే. మీ బీరువల అత్తమ్మ వెండి రూపాయి కండ్లవడ్డది. అత్తమ్మది గదా, జర బలముంటదని గదే ముడుపు గట్టి మొక్కిన."

నా నాలుక మీదికి జోకు అప్పటికే వచ్చేసింది. "అవ్వా, నువ్వు దేవునికే గారడీ..." అన్నాను. బాపు చెయ్యి నా మోకాలి మీద బరువుగా పడింది.

"మంచిపని జేసినవ్ సుగుణా," అన్నాడు. "అమ్మ రూపాయే నన్ను లేపింది."

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

గుట్ట దిగేటప్పుడు ఆమె ముందు నడుస్తుంటే గుసగుసగా అన్నాను: "గుడి ఆఫీసుల అడుగుదాం బాపూ. హుండీ తెరిచినప్పుడు ఇస్తరేమో."

"అడిగితే ఆమెకు తెలుస్తది. కోసిన రూపాయితోని మొక్కిన్నని తెలిస్తే, రేపు నాకు జర దగ్గొచ్చినా మొక్కు ముట్టలేదనే అనుకుంటది. గా భయం ఆమెకెందుకురా?"

కొద్దిరోజుల తర్వాత పొలం చూసొస్తానని ఆమెకు చెప్పి, నన్ను తీసుకుని మళ్లీ చిల్పూరు వెళ్లాడు. ఎక్కడో సంపాదించిన, కోత పడని నిండు వెండి రూపాయిని హుండీలో వేశాడు.

"మరి నీ మడత రూపాయి?"

"కండ్ల నిండ చూసుకున్న గదా. ఇగ నడువు, ఆకలైతాంది."

బాపు ఆ తర్వాత కొన్నేళ్లు బాగానే ఉన్నాడు. పోయినప్పుడు అవ్వ బీరువాను నాకే ఇచ్చింది. మఖమలు గుడ్డలో ఒక్కో వస్తువుకూ ఒక్కో గుంట. ఒకటి మాత్రం ఖాళీగా ఉంది.

"గీడ ఏమన్న పోయిందా శీనూ?" అంది.

"లేదవ్వా. మంచిది దొరికితే పెడ్దామని ఉంచిండు."

"ఎన్నున్నా ఇంకోటి గావాలె ఆయనకు," అని అవ్వ నవ్వింది.

ఇప్పుడు అవ్వ కూడా లేదు కాబట్టే ఇది రాస్తున్నాను. ఆట మధ్యలో జనాన్ని పడీపడీ నవ్వించే మాట నోటిదాకా వచ్చినప్పుడు, దాని వల్ల ఎవరికి నిద్ర పట్టకుండా పోతుందో ఒకసారి చూసుకుంటాను. ఒక్కోసారి మింగేస్తాను. ఆ రోజు ఆట కొంచెం చప్పగా ఉంటుంది. ఉండనీ.