ఫ్లాపీలకు బొట్లు పెట్టిన తాతయ్య

మా తాతయ్య వేంకటేశ్వర్లు గారు కుదురుగా కూర్చునేది భోజనానికీ, క్షవరానికీ మాత్రమే. క్షవరానికైనా ఎదటివాడి చేతిలో కత్తి ఉందన్న భయంతోనే. మిగతా వేళంతా నడకే. రాజమండ్రి ఇన్నీసుపేటలో మా అద్దింటి వసారా గచ్చు ఆయన వల్లే అరిగిందని మా బామ్మ కనకవల్లి గట్టి నమ్మకం.

కుర్రతనంలో కోనసీమ నుంచి వచ్చి ఓ ప్రెస్సులో కంపోజిటరుగా చేరాడు. గళ్ళలోంచి సీసం అక్షరాలు ఏరి, వరసలు పేర్చి, అచ్చుకివ్వడం ఆయన పని. నిలబడి చేసేది కనక హాయిగా ఉండేది. తరవాత యజమాని కొడుకు చంద్రరావు గారు కంప్యూటర్లు తెచ్చి, ఆ అక్షరాలన్నీ తూకానికి అమ్మేసి, తాతయ్యకి ప్రూఫులు దిద్దే పని, దాంతో పాటు ఓ కుర్చీ ఇచ్చారు. పని బాగానే ఉంది, కుర్చీతోనే చిక్కు.

తొంభైతొమ్మిదిలో ఒక పుస్తకం వచ్చింది. ఇంటర్ పిల్లలకి తెలుగులో కంప్యూటర్ పాఠాలు. చంద్రరావు గారు తాతయ్యని లోపలికి పిలిచి మెత్తగానే చెప్పారు.

"దసరా వెళ్ళగానే ఇది అచ్చుకెళ్ళాలండి. సజావుగా వెళ్తే మీరుంటారు. లేదంటే ఇకనుంచి ప్రూఫులు కూడా సుప్రియే చూసుకుంటుంది. మరోలా అనుకోకండి."

సుప్రియ కంప్యూటర్ మీద టైపు చేసే అమ్మాయి. ఆ మాట ఇంట్లో చెప్పగానే బామ్మ చేతిలో గరిటె ఆగింది.

"మీరు రోజంతా ఇంట్లో తిరిగితే నేను తట్టుకోలేను. ప్రెస్సుకి నేనే వెళ్ళి కూర్చుంటాను" అంది.

పదో తరగతి లెక్కల దగ్గర నా చదువు ఆగిపోయింది కనక మధ్యాహ్నం కారియరు తీసుకెళ్ళేది నేనే. తాతయ్య తినేదాకా ప్రెస్సులో జరిగేదంతా చూసేదాన్ని. ఆ పుస్తకం ఆయన్ని మరీ తిప్పేసింది. ఒక పాఠంలో డిస్క్, ఇంకో పాఠంలో డిస్కు, మూడోదాంట్లో డిస్కీ. ఇంగ్లీషులో రాసినచోట చివర ఒకసారి కె, ఒకసారి సి. తాతయ్య తునిలో ఉన్న రచయిత ఉదయ్‌భాస్కర్ గారికి ఫోను చేయించాడు. ఆయన కాలేజీ లెక్చరరు.

"కె యా అండి, సి యా అండి?"

"హార్డ్ డిస్కుకి కె, కాంపాక్ట్ డిస్కుకి సి అండి."

"రెండూ గుండ్రంగా తిరిగేవే కదండీ!"

"అమెరికా వాళ్ళొకలా, ఇంగ్లండు వాళ్ళొకలా అలవాటు చేశారండి."

"పరీక్ష రాసేది మన పిల్లలు కదండీ. వాళ్ళ తగాదా మనకెందుకు?"

అటునుంచి నవ్వు వినిపించింది. తాతయ్య తెలుగులో అంతటా డిస్కు అని దిద్దేశాడు. ఇంగ్లీషు అక్షరాల్ని రచయితకే వదిలేశాడు గానీ ఆ తీట మాత్రం పోలేదు. రాత్రి అన్నం తింటూ కూడా "కె కే పెట్టాల్సింది" అన్నాడు. "కందిపొడి పెట్టాను, తినండి" అంది బామ్మ.

కంప్యూటర్లో చోటు చాలక, దిద్దడం పూర్తయిన పాఠాన్ని సుప్రియ ఫ్లాపీ డిస్కులోకి ఎక్కించి, లోపలిది తుడిచేసేది. దసరా నాటికి పుస్తకమంతా ఓ చిన్న అట్టపెట్టెలో పట్టింది.

ఆయుధపూజ రోజున ప్రెస్సులో ప్రతి యంత్రానికీ బొట్టు పెడతారు. వెనకట అక్షరాల పెట్టెలకి పెట్టేది తాతయ్యే. ఆ రోజు పళ్ళెం పట్టుకుని అంతా తిరిగాడు. అచ్చు మెషీనుకీ, కాగితం కత్తిరించే మెషీనుకీ, కంప్యూటరుకీ అయ్యాయి. చేతులింకా ఊరుకోలేదు.

"అక్షరాలిప్పుడు ఎక్కడుంటున్నాయే?" అని నన్నడిగాడు.

నేను అట్టపెట్టె చూపించాను. ఆయన ఫ్లాపీలు వరసగా పరిచి, ఒక్కోదాని ఇనప రేకు పక్కకి జరిపి, లోపల కనపడే నల్లటి బిళ్ళ మీద తడి పసుపు రాసి కుంకం అద్దాడు. "పైన పెడితే అట్టకి పెట్టినట్టు. లోపలుంది కదా సరస్వతి" అన్నాడు. అన్నీ ఎంత ముద్దొచ్చాయో! రేకులు మూసుకున్నాక చంద్రరావు గారు వచ్చి వాటికి హారతి కూడా ఇచ్చారు.

పండగ వెళ్ళిన మర్నాడు నేను కారియరు పట్టుకెళ్ళేసరికి ప్రెస్సులో అరుపులు. సుప్రియ పెట్టిన ఫ్లాపీ గరగరమంది. రెండోదీ అంతే. మూడోది పెట్టబోతూ రేకు జరిపి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది. ఒక్క పాఠం కూడా తెరుచుకోలేదు.

"ఇంకో కాపీ ఉంచుకోవద్దా?" అని చంద్రరావు గారు కేకలేస్తున్నారు. "ఎవరు తాకారు వీటిని? నీ బల్ల మీద సామాను నువ్వు చూసుకోవద్దా?"

సుప్రియ కళ్ళు తుడుచుకుంటోంది. తాతయ్య గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి బల్ల దగ్గర ఆగాడు.

"ఆ పిల్లనేమీ అనకండి బాబూ. బొట్లు పెట్టింది నేనండి. పసుపు కూడా రాశాను."

చంద్రరావు గారు నోరు తెరిచారు. హారతి గుర్తొచ్చినట్టుంది, మూసేశారు.

"లోపల ఎందుకు పెట్టారండీ?" అన్నారు చివరికి, నీరసంగా.

"అలవాటండి. నన్ను పంపెయ్యండి, పర్వాలేదు. అయితే పుస్తకం అయ్యాక పంపండి. నా ప్రూఫు కాగితాలన్నీ ఉన్నాయి. నేను చదువుతాను, అమ్మాయి కొడుతుంది. చదివితే త్వరగా అవుతుందండి."

చంద్రరావు గారు సుప్రియ వైపు చూశారు. ఆమె ముక్కు తుడుచుకుని "తాతగారు చదివితే ఎర్రసిరా దిద్దుళ్ళు నేను వెతుక్కోనక్కర్లేదండి" అంది. ఫోను తీసి, "మెకానిక్కుని పంపండి, ఫ్లాపీ పెట్టేచోట పసుపంటింది. కొత్త ఫ్లాపీలు కూడా తెమ్మనండి" అన్నారాయన ఎవరితోనో.

కారియరు విప్పకుండానే చదువు మొదలైంది. తాతయ్య నిలబడే చదివాడు. కామా దగ్గర ఒక అడుగు, ఫుల్‌స్టాపు దగ్గర వెనక్కి తిరగడం. సుప్రియ మెడ అటూ ఇటూ తిప్పలేక "తాతగారూ, మీరు తిరిగితే మాట తలుపు దగ్గరే ఉండిపోతోందండి" అంటే, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

చీకటి పడ్డాక ఇంటికొస్తే బామ్మ గుమ్మంలోనే అడిగింది.

"ఉందా? ఊడిందా?"

"తెలీదే. ఆయనేమీ అనలేదు" అని తాతయ్య చెప్పులు విప్పాడు. "గొంతు పోయింది. కాస్త మిరియాల పాలు ఇయ్యి. రేపు ఇంకా పెందరాళే రమ్మన్నారు."