గుమ్మం బయట చెప్పులు

పోయిన గురువారం మధ్యాహ్నం మిషన్ ఆసుపత్రిలో ఊరంతా కాళ్ళ నర్సమ్మ అని పిలిచే నర్సుగారు గుండె ఆగి పోయారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు పంక్తులు వేశారు. వాటిలో ఆమె వయసు తప్పు. కట్లు కట్టే గదిలో పనిచేశారని రాయాల్సిన చోట కాన్పుల గదిలో అని రాశారు. ఆ పేపరు తప్పులు చూపిస్తూ నేను ఇరవై ఏళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కటీ వేసుకోలేదు. అందుకని ఈసారి వాళ్ళకు రాయకుండా ఈ పత్రిక చదివేవారికే రాస్తున్నాను.

ఆదివారం చర్చి పక్క హాల్లో సంతాప సభ పెట్టారు. బెజవాడలో పేరుమోసిన సర్జను ఒకాయన పన్నెండు నిమిషాలు మాట్లాడారు. అందులో ఎనిమిది నిమిషాలు తన గురించి. మిగిలిన నాలుగింటిలో ఆమెను "సేవామూర్తి" అని మూడుసార్లు అన్నారు. ఆమె ఏం చేసేవారో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ సర్జనుగారి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆమె పని గురించి చెప్పాలి.

నేను ఆమెను మొదట చూసింది డెబ్భై ఒకటి వేసవిలో. కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి. కుడి మడమ నొప్పి. ఆ కట్ల గదిలోకి బయటి చెప్పులతో వెళ్ళకూడదు. అందరం గుమ్మం బయట విడిచి, లోపల ఎత్తు బల్ల మీద వరసగా కూర్చున్నాం. ఆమె వచ్చి మా కాళ్ళ వంక చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి చెప్పుల వరస చూశారు.

"ఈ నల్ల చెప్పులు ఎవరివండీ?"

"నావి."

"మడమ కదూ? పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. పది అడుగులేశాక కాస్త నయంగా ఉంటుంది. అవునా?"

నేనింకా నోరు విప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. "జోస్యం చెబుతారా?" అన్నాను.

"జోస్యానికి పంచాంగం కావాలండి. నాకు చెప్పులు చాలు. మడమ దగ్గర అప్పడంలాగా అరిగినయ్యి. వీటి మీద నిలబడి గంటలకొద్దీ పాఠాలు చెబుతుంటే మడమ ఏం చేస్తుంది?"

"నేను పాఠాలు చెబుతానని ఎవరు చెప్పారు?"

"మీ జేబు మీద సుద్ద చెప్పింది, మాస్టారూ."

ఇది వాత దోషమని, దానికి ఫలానా తైలం ఉందని నేను చదివిన రెండు పుస్తకాలు ఆమెకు వినిపించాను. ఆమె ఓపిగ్గా విన్నారు. "ఆ పుస్తకాలు మీ చెప్పులేసుకుని నడిచినయ్యా?" అన్నారు. బల్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అరికాలి కింద గోలీసోడా సీసా పెట్టుకుని పూటకి పది నిమిషాలు దొర్లించమన్నారు. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయమన్నారు. ఇంట్లో కూడా గచ్చు మీద ఉత్త కాళ్ళతో తిరగొద్దని, మడమ కింద మెత్తగా ఉండే చెప్పులు కొనుక్కోమని చెప్పారు. రెండు నెలల్లో నొప్పి పోయింది. ఎండాకాలం సెలవులు కాబట్టి పోయిందని ఆమెతోనే అన్నాను. "పోన్లెండి. కాలేజీ తెరిచాక సీసాకి మాత్రం సెలవివ్వకండి" అన్నారు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో అప్పుడప్పుడూ వెళ్ళి ఆ బల్ల చివర కూర్చునేవాణ్ణి. మా స్టాఫ్ రూములో కంటే అక్కడ మాటలు బాగుండేవి. రోగి ఎత్తున కూర్చుంటే ఆమె గదిలో వాడే చెప్పులతోనే కింద మునివేళ్ళ మీద గొంతుక్కూర్చుని, మోకాలి మీద తువ్వాలు పరిచి, పాదాన్ని దాని మీద పెట్టుకునేవారు. ఆ పని చేసేటప్పుడు స్టూలు వాడగా నేను చూడలేదు. "ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు. గోళ్ళు తీసింది మాత్రం నేనే" అని చర్చి పాస్టరుగారితోనే అన్నారట.

ఒకసారి ఒక రైతు కుండంత వాచిన చీలమండతో వచ్చాడు. గట్టు మీద కాలు మడతపడింది.

"ఎవరన్నా లాగారా?"

"మా ఊళ్ళో బెణుకులు పట్టే ఆయన లాగాడండి."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లండి. ఆవనూనె పోసి గట్టిగా."

"ఆ కాలు నీకేం అపకారం చేసిందయ్యా, మూడుసార్లు కొట్టించావు?"

ఎముక మీద అక్కడక్కడా నొక్కి చూసి, నాలుగడుగులు వెయ్యమన్నారు. వేశాడు. ఎముక విరగలేదు, నరం సాగిందంతే అన్నారు. సాగే పట్టీ చుట్టి, కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని పడుకోమని, చల్లటి తడిగుడ్డ వెయ్యమని, ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని చెప్పారు. వాపు దిగాక రోజూ కాసేపు ఆ ఒంటికాలి మీద నిలబడాలన్నారు. "అది మళ్ళీ నిన్ను నమ్మాలి" అన్నారు.

నాట్ల రోజుల్లో ఆడకూలీలు వేళ్ళ సందులు పాచిపోయి, తెల్లగా ఊడిపోతుంటే వచ్చేవారు. వాళ్ళకు ఊదారంగు మందు రాసి, సాయంత్రం కాళ్ళు కడిగాక వేళ్ళ మధ్య పొడిగుడ్డతో ఒత్తుకోమనేవారు. బురదలో దిగొద్దని మాత్రం అనేవారు కాదు. "మా అమ్మకు చెప్పినా దిగేదే" అనేవారు. ఆమెది పామర్రు దగ్గర కూలి కుటుంబం. ఆనెకాయను బ్లేడుతో కోసుకొచ్చినవాళ్ళను మాత్రం ఊరుకునేవారు కాదు. "ఆనె ఊరికే రాదు. చెప్పు నొక్కుతోందని చెప్పడానికొస్తుంది. కబురు తెచ్చినవాణ్ణి కోస్తారా?" గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, రాయితో కొద్దికొద్దిగా రుద్ది, ముందు చెప్పు మార్పించేవారు. బొటనవేలి గోరు మూలలు గుండ్రంగా తీస్తే కండలోకి దిగుతుందని, అడ్డంగా తిన్నగా తియ్యాలని నాకు ఆమె చెప్పేవరకూ తెలియదు. నా దగ్గర అప్పటికి పదకొండు బీరువాల పుస్తకాలు.

ఇక ఎవరికీ చెప్పని సంగతి చెప్పాలి.

మా ఆవిడకు చాలా ఏళ్ళుగా షుగరు. డెబ్భై రెండులో ఒకరోజు కూరగాయల బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదంది. నేను నవ్వాను. పాదాలకు స్పర్శ పోతోందని ఆ చెప్పు చెబుతోంది. నాకు వినపడలేదు. ఆ శీతాకాలం కాళ్ళు తిమ్మిర్లు, లాగుతున్నాయంది. కాపడం మంచిదని ఒక ఇంగ్లీషు వైద్య పుస్తకంలో చదివాను. ఒక మధ్యాహ్నం ఇటుక ముక్క కుంపటి మీద కాల్చి, తువ్వాల్లో చుట్టి, అరికాలికి నా చేత్తోనే పెట్టాను.

"ఇంకాస్త వేడి చెయ్యండి. ఏం తెలియట్లేదు" అంది.

చేశాను. మళ్ళీ తెలియలేదంది. తువ్వాలు ఒక మడత తీసేశాను.

మూడో రోజుకి పెద్ద పొక్కు. రెండు వారాలకు అది పుండై, చుట్టూ నల్లబడింది. అప్పుడు తీసుకెళ్ళింది ఆ సర్జనుగారి దగ్గరికే. ఆయన బల్ల అవతల నుంచి పెన్నుతో పాదాన్ని పక్కకు తిప్పి చూసి, "చీలమండ పైన తీసెయ్యాలి. సోమవారం చేర్పించండి" అన్నారు. ఆయన చదువుకు ఆయన చెప్పింది తప్పు కాకపోవచ్చు. ఆ పెన్నును మాత్రం నేను ఇన్నేళ్ళూ క్షమించలేదు.

రిక్షాలో ఇంటికి బయల్దేరాం. కాలవ వంతెన దాటాక మా ఆవిడ అంది: "నేనెట్లాగూ మీకంటే ముందే పోతాను. ఆరోజు పసుపు రాసేవాళ్ళు ఒక్క కాలికి రాసి ఊరుకుంటారా?"

ఆమె కోరిందల్లా అదే. పుణ్యస్త్రీగా పోవాలి, రెండు పాదాలకూ పసుపుతో పోవాలి. నగలు అడగలేదు, యాత్రలు అడగలేదు. నేను రిక్షాను మిషన్ ఆసుపత్రికి తిప్పమన్నాను.

నర్సమ్మగారు ఊరు అడిగారు. మా ఆవిడ చెప్పింది. "మాది ఆ పక్కనేనండి. మీ చేలల్లో మా అమ్మ నాట్లేసింది" అన్నారు ఆమె. మా ఆవిడ కాలు కొంచెం వెనక్కి తీసుకుంది. అది నేను చూశాను, ఆమె చూశారు. చూడనట్టే మడమ పట్టుకుని పాదాన్ని తన మోకాలి మీదికి తెచ్చుకున్నారు. పాదం పైన రెండు వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని ఆగారు.

"నాడి కొడుతోంది. నెత్తురు అందుతున్న కాలు. మాటివ్వను గానీ, మా డాక్టరుగారు షుగరు దించితే, దీన్ని ఒకసారి బతిమాలి చూద్దాం."

"అసలు ఎందుకొచ్చిందమ్మా ఇది?" అంది మా ఆవిడ.

పుండుకు ఒక పక్క అంచు గీత గీసినట్టుంది. ఆమె వేలు ఆ గీత దగ్గర ఆగింది. "కాపడం ఏమన్నా పెట్టారా?"

మా ఆవిడే చెప్పింది. "ఆయన పెట్టారు. అసలు వేడే తగల్లేదు."

నర్సమ్మగారు తలెత్తి నన్ను ఒక్కసారి చూశారు. లేచి గుమ్మం దగ్గరికెళ్ళి, మా ఆవిడ కొత్త చెప్పు తెచ్చారు. లోపలి కుట్టు వేలితో చూపించారు. "ఇదిగోనండి దొంగ. ఇది కరిచింది."

"నేను బిగుతని చెప్తూనే ఉన్నా. రంగు బాగుందని మీరే గదా కొన్నారు" అని మా ఆవిడ నన్ను కసిరింది. కాలు తీయాలన్న మాట విన్నాక ఆమె కసరడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

వరండాలో నర్సమ్మగారు నాతో మెల్లగా అన్నారు: "చేసింది ఇటుక. నాకు తెలుసు, మీకు తెలుసు. రేపటి నుంచి కట్టు మీరే కట్టాలి, నేను నేర్పుతాను. చెప్పు మీద నింద వేశాం కాబట్టి, మెత్త చెప్పులు కూడా అవి కుట్టినాయన చేతే కుట్టిద్దాం."

డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. చచ్చిన చర్మం ఆమె కత్తెరతో కొంచెం కొంచెంగా తీసేవారు. నేను నీళ్ళు మరిగించి చల్లార్చి, కడిగి, కట్టు కట్టేవాణ్ణి. నీళ్ళ వెచ్చదనం మోచేతితో చూడటం, చేతి అద్దం పెట్టి అరికాలు చూడటం, వేళ్ళ సందులు చూడటం నేర్చుకున్నాను. నాలుగు నెలలు పాదం నేల మోపకూడదన్నారు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగనివాణ్ణి, వంట నేర్చుకున్నాను. చెప్పులు కుట్టే ఆయన మెత్తటి రబ్బరులో, సరిగ్గా పుండు ఆనే చోట గుంట తవ్వి చెప్పులు కుట్టాడు. ఐదో నెలలో పుండు మూసుకుంది.

మా ఆవిడ మంగళగిరి కొండకు మొక్కుకుందట. ఉత్త కాళ్ళతో మెట్లెక్కాలంది. నర్సమ్మగారు వల్లకాదన్నారు.

"గుడి మెట్లు చెప్పులతో ఎక్కమంటావా, అమ్మాయ్?"

"చెప్పులు వద్దండి. గుడ్డకి మీ దేవుడు ఏమీ అనుకోడు గదా."

మంగళగిరి నేత గుడ్డ నాలుగు పొరలు వేసి, లోపల దూది పెట్టి ఆమే మేజోళ్ళు కుట్టారు. మాతోపాటు బస్సులో వచ్చారు. మా మరదలిని తోడు తీసుకుని మా ఆవిడ మెట్లెక్కింది. మేమిద్దరం కింద, విడిచిన చెప్పుల పక్కన కూర్చున్నాం. అప్పుడడిగాను, ఆరోజు ఎందుకు అబద్ధమాడారని.

"దానికి ప్రార్థనలో క్షమించమని అడిగాన్లెండి" అన్నారు. మా ఆవిడ చెప్పులు జతగా పెట్టి, "నిజం చెబితే ఆవిడ మిమ్మల్ని ఓదార్చడానికే సరిపోయేది మాస్టారూ. పుండు సంగతి ఎవరు చూసుకుంటారు?" అన్నారు.

మా ఆవిడ దిగి రాగానే అందరి ముందూ ఆ మెట్టు మీదే కూర్చోబెట్టి, మేజోళ్ళు విప్పి, పాదం ఒళ్ళో పెట్టుకుని చూశారు. ఈసారి మా ఆవిడ కాలు వెనక్కి తీసుకోలేదు. ప్రసాదం మొదట ఆమె చేతిలోనే పెట్టింది.

రెండేళ్ళ కిందట మా ఆవిడ పోయింది. రెండు పాదాలకూ పసుపు రాశారు. నర్సమ్మగారు వచ్చి అలవాటుకొద్దీ కాళ్ళ వైపు నిలబడ్డారు. వంగి, రెండు అరికాళ్ళూ చూసి, నా వంక తలూపారు. ఎక్కడా పుండు లేదు. చివరి దాకా మా ఆవిడ ఆ బిగుతు చెప్పునే తిడుతూ పోయింది. ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ ఉత్తరాల్లో ఎత్తిచూపిన నేను నా తప్పు ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను. నన్ను ఓదార్చడానికి ఇద్దరూ లేరు.

ఆదివారం సభ అయ్యాక కొంతమందిమి ఆసుపత్రి వెనక ఆమె ఉన్న క్వార్టరుకు వెళ్ళాం. గుమ్మం బయట చెప్పుల గుట్ట. ఆ గుట్టను చదవకుండా లోపలికి వెళ్ళలేకపోయాను. మడమ కింద మెత్తపెట్టినవి ఉన్నాయి, గుంట తవ్వినవి ఉన్నాయి, ఒక పక్క ఎత్తు వేయించినవి ఉన్నాయి. సర్జనుగారి బూట్లు కూడా ఉన్నాయి. రెండూ లోపలి వైపుకు ఒరిగిపోయాయి. ఆయన పాదాలు చదును. ఆ పన్నెండు నిమిషాలూ ఆయన నొప్పితోనే నిలబడి ఉంటారు.

పక్కగా, గోడవారన, ఆమె కట్ల గదిలో వేసుకునే చెప్పులు విడిగా ఉన్నాయి. ఎవరూ తీయలేదు. ఎనిమిదేళ్ళలో వాటిని ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదని గుర్తొచ్చింది. నేను గొంతుక్కూర్చుని, ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేశాను. మడమ వైపు కొత్తదానిలా ఉంది. వేళ్ళ దగ్గర మాత్రం అడుగు అరిగి, అరిగి, వెలుతురు కనిపిస్తోంది.